అమ్మ గ్రహణం మళ్ళీ వస్తోంది

మా ఇంట్లో గ్రహణం మాట ఎత్తే హక్కు నా ఒక్కదానికే ఉంది. ఆ హక్కు నా పైపెదవి మీద రాసి ఉంటుంది. ముక్కు ఎడమ పక్క నుంచి పెదవి అంచు దాకా కాస్త వంకరగా దిగే సన్నటి గీత. చిన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో వేసిన కుట్టు. పుట్టినప్పుడు నాకు అక్కడ పెదవి కలవలేదు. దాన్ని గ్రహణమొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ కత్తి పట్టి ఏదైనా కోస్తే, కడుపులో బిడ్డకి పెదవి తెగుతుందని మనవాళ్ళ నమ్మకం. నాకా నమ్మకం లేదు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని, ఉంటే జీతం ఎలా తీసుకుంటాను?

కొత్త క్లాసులోకి వెళ్ళిన మొదటి రోజు పిల్లలందరూ పాఠం వినరు, నా పెదవే చూస్తారు. "చూసేరా? బాగా చూసేరా? ఇక బోర్డు చూడండి" అంటాను. నవ్వుతారు. అక్కడితో సరి. ఇంట్లో మాత్రం ఎప్పుడూ సరిపోలేదు. ఎందుకంటే మా అమ్మ నా మొహం చూసేటప్పుడు కళ్ళు చూస్తుంది, నుదురు చూస్తుంది, జడ చూస్తుంది, పెదవి మాత్రం చూడదు. యాభై ఏళ్ళుగా అంతే. అన్నం తినిపించిన రోజుల్లో కూడా ముద్ద నోటి దాకా తెచ్చి చూపు పక్కకి తిప్పుకునేదట. మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు, ముద్ద బుగ్గకి తగిలేదని.

ఇంట్లో చెప్పుకునే కథ ఇదీ. 1974లో కార్తీక పౌర్ణమి నాటి సాయంత్రం సంపూర్ణ చంద్రగ్రహణం. అప్పటికి అమ్మ పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల, కడుపులో నేను. మా తాతయ్య, అంటే నాన్నకి నాన్న, అమలాపురానికి దగ్గర్లో మా పేటకి సంఘపెద్ద. మాది ముత్తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న ఇల్లు. అయినా గ్రహణం అనేసరికి పేటలో సగం మంది చాటుగా గరిక తెచ్చి కుండల్లో వేసుకునేవారు, పొద్దుండగానే తినేసి తలుపులు మూసుకునేవారు. తాతయ్యకి ఒళ్ళు మండిపోయింది. "ఆదివారం గుడికొచ్చి పాటలు పాడతారు, గ్రహణం నాడు గరిక వెతుక్కుంటారా!" అని, సరిగ్గా ఆ సాయంత్రమే మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టి, పేట మొత్తానికి భోజనాలు పెడతానన్నాడు. అంతటితో ఆగితే ఆయన మా తాతయ్య ఎలా అవుతాడు? "మా కోడలు కడుపుతో ఉంది. గ్రహణం పట్టిన వేళే ఆవిడే కూర తరుగుద్ది, ఆవిడే వండుద్ది. ఏవవుద్దో చూద్దురుగాని" అని గుడి ముందు నిలబడి చెప్పేశాడు.

అమ్మ తరిగిందట, వండిందట. ఎండురొయ్యలేసిన వంకాయ కూర. చంద్రుడు ఎర్రబడుతుంటే అందరూ వాకిట్లో విస్తళ్ళ ముందు కూర్చుని తిన్నారు. ఆ తరవాత తాతయ్య ఏ కూటానికి వెళ్ళినా ఆ సంగతే చెప్పేవాడు, ఆలమూరు దాకా వెళ్ళి చెప్పొచ్చేడని నాన్న అనేవాడు. అలా చెబుతూ ఉండగానే ఏప్రిల్లో నేను పుట్టాను. పెదవి తెగి పుట్టాను.

తాతయ్య ఆ కథ ఇంకెప్పుడూ చెప్పలేదు. ఆయన మానేసిన కథని పేట ఎత్తుకుంది. "గ్రహణంలో కత్తిపీట ముందు కూర్చుంది, చూడు పిల్లకేం జరిగిందో" అని నూతి దగ్గరా, మిల్లు దగ్గరా, చివరికి గుడి మెట్ల మీదా. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. తాతయ్య కూడా చెప్పలేదు. నాకు మాటలు రాకముందే ఆయన పోయాడు.

నాకు బుద్ధి తెలిశాక నేనొక పని పెట్టుకున్నాను. అమ్మ మనసులోంచి ఆ కత్తిపీటని తీసిపారెయ్యాలి. నాన్న కొబ్బరికాయలు ఒలిచి, సాయంత్రానికి చేతులు పగిలి ఇంటికొచ్చే మనిషి. ఆయన చదివించిన చదువు అందుకైనా పనికి రావద్దూ? లాంతరు సూర్యుడు, బత్తాయి భూమి, నిమ్మకాయ చంద్రుడు. నీడ పడుతుందమ్మా, అంతే, నీడకి కత్తి ఉండదు అని కొన్ని వందల సార్లు చెప్పుంటాను. అమ్మ "ఆయ్" అనేది. మా వైపు ఆయ్ అంటే అవునని. అమ్మ ఆయ్ అంటే మాత్రం, నువ్వు చెప్పుకో నేను నా పని చూసుకుంటానని.

చెబితే వినకపోతే చేసి చూపించాలి కదా. ఏ గ్రహణం వచ్చినా నేను కత్తిపీట తీసుకుని వాకిట్లోనే కూర్చుని, అవసరం ఉన్నా లేకపోయినా ఉల్లిపాయలు తరిగేదాన్ని. నా కూతురు కడుపులో ఉన్నప్పుడు ఇంకా పంతంగా తరిగాను, సూర్యగ్రహణానికి ఒకసారి, చంద్రగ్రహణానికి ఒకసారి. అమ్మ ఒక్క క్షణం నా వంక చూసి లోపలికి వెళ్ళి పడుకునేది. భయం అనుకున్నాను. నా కూతురు బంగారంలాంటి పెదవులతో పుట్టింది. "చూశావా?" అన్నాను. అమ్మ చంటిదాని పెదవి మీద వేలు పెట్టి చూసి, దేవుడికి స్తోత్రం చెప్పి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందో. గెలిచిన పందేనికి ఎవరూ చప్పట్లు కొట్టకపోతే వచ్చే కోపం.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. నిరుడు నా కూతురు కడుపుతో వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. అల్లుడు కువైట్లో ఉన్నాడు. ఆ విధంగా మూడు తరాల ఆడవాళ్ళం ఒక ఇంట్లో చేరాం. ఆగస్టులో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, పాఠం చెప్పే ఉత్సాహంలో నేను నోరు జారాను.

"అమ్మా, నీ గ్రహణం మళ్ళీ వస్తోంది తెలుసా?"

"నా గ్రహణం ఏంటే?"

"నేను కడుపులో ఉండగా వచ్చిందే, అదే. 2028 డిసెంబరు ముప్పై ఒకటో తారీఖున వస్తోంది."

నిజానికి అది నాకు ఎంతో ఇష్టమైన విషయం. గ్రహణాలు గాలివాటున రావు. వాటికీ కుటుంబాలున్నాయి. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకసారి ఎలా వరసలో నిలబడ్డాయో, పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజులు పోయాక మళ్ళీ దాదాపు అలాగే నిలబడతాయి. దాన్ని సరోస్ చక్రం అంటారు. ఒక గ్రహణం పద్దెనిమిదేళ్ళకోసారి తిరిగొస్తూ వెయ్యేళ్ళకి పైగా బతుకుతుంది. అయితే ఆ పదకొండు రోజుల మీద ఇంకో ఎనిమిది గంటలు తోకలా ఉంటాయి. ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కనక, తిరిగొచ్చిన గ్రహణం అదే ఊరికి రాదు, పక్కవాళ్ళ ఆకాశానికి పోతుంది. మూడు సార్లు తిరిగితేనే మళ్ళీ మన ఇంటి మీదకి, ఇంచుమించు అదే వేళకి వస్తుంది.

ఇదంతా అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలని, "ముగ్గురు కొడుకులు తల్లిని వంతులేసుకున్నట్టమ్మా. పెద్దాడి ఇంట్లో ఉన్న ముసలమ్మ మళ్ళీ పెద్దాడింటికి రావాలంటే మిగతా ఇద్దరి ఇళ్ళూ తిరిగి రావాలి కదా?" అన్నాను.

"చంద్రుడి గతీ అంతేనన్నమాట" అంది అమ్మ.

మా అమ్మాయి పొలమారేలా నవ్వింది. నేను ఆగలేదు. 1992లో ఆ గ్రహణం తెల్లవారుజామున, చంద్రుడు కుంగిపోయే వేళకి వచ్చింది. నాకు బాగా గుర్తు, ఇంటర్ చదువుతున్నాను, దొడ్లో నిలబడి కొబ్బరి మట్టల మధ్య నుంచి చూశాను. 2010లో వచ్చినప్పుడు మనకి పట్టపగలు, చూసిన వాళ్ళు అమెరికా వాళ్ళు. మళ్ళీ 2028లో మన వంతు. యాభై నాలుగేళ్ళ తరవాత రాత్రి భోజనాల వేళ దాటాక మన నెత్తి మీదకే, అని చెప్పుకుంటూ పోతున్నాను. చూస్తే అమ్మ కంచంలోంచి చెయ్యి తీసేసింది.

"అదే గ్రహణమా?" అంది.

"అదే."

"అదే ఎందుకు రావాలి? లోకంలో ఇంకోటి లేదా?" అని లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. కంచంలో అన్నం అలాగే ఉంది. అమ్మ అన్నం వదిలెయ్యడం నేను నాన్న పోయిన వారంలో చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను.

ఆ రోజు నుంచీ అమ్మ మారిపోయింది. మూడేళ్ళ తరవాత వచ్చే గ్రహణం మాట అటుంచి, సెప్టెంబరు మొదటి ఆదివారం రాత్రి ఇంకో సంపూర్ణ చంద్రగ్రహణం ఉందని టీవీలో చెప్పారు. ఆ వేళకి మా అమ్మాయికి ఐదో నెల నిండుతుంది. అమ్మ మనవరాలిని వదిలిపెట్టి గది దాటదు, పడుకున్నా నిద్రపోదు. పెద్దావిడ, రక్తపోటు మనిషి, కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. ఒకవైపు జాలి, ఒకవైపు చిరాకు. బత్తాయికాయలు, నిమ్మకాయలు మళ్ళీ బయటికి తీశాను. అమ్మ వాటిని పిండి మనవరాలికి రసం చేసి ఇచ్చింది.

ఐదో నెలలో చేసే పెద్ద స్కానింగు ఒకటి ఉంటుంది, టిఫా స్కాన్ అంటారు, బిడ్డ అవయవాలన్నీ చూస్తారు. గ్రహణానికి మూడు నాలుగు రోజుల ముందు దానికి అమలాపురం వెళ్ళాం. అమ్మ కూడా వస్తానంది. స్కానింగు గదిలోకి ఒక్కరినే రానిస్తామన్నారు. నేను లేచేలోపే అమ్మ వెళ్ళిపోయింది. నేను గుమ్మం దగ్గర కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, ఓపికమంతురాలు. గుండె, వెన్నెముక, చేతులు అన్నీ చూపిస్తోంది. అమ్మకి అవేవీ పట్టలేదు.

"పెదవి చూపించండమ్మా" అంది.

"ఇదిగోండి మామ్మగారూ, పైపెదవి. చక్కగా కలిసిపోయింది."

"ఇప్పుడు కలిసిందనుకోండి, ఆదివారం గ్రహణం ఉంది కదమ్మా, మరప్పుడో?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డాక్టరమ్మ నవ్వలేదు. "పెదవి కలవడం రెండో నెలలోనే అయిపోద్దండి. కలిస్తే అప్పుడే కలుస్తుంది, కలవకపోతే అప్పుడే కలవదు. ఒకసారి కలిసింది మళ్ళీ విడిపోదండి. ఐదో నెలలో ఎన్ని గ్రహణాలొచ్చినా దానికేం చెయ్యలేవు" అంది.

నాకు ఆ సంగతి తెలియదు. చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, గ్రహాల గురించి అంత చదివినదాన్ని నా పెదవి గురించి ఒక్క పేజీ చదవలేదు. చదవబుద్ధి కాలేదు.

తిరిగి ఇంటికొస్తుంటే ఆటోలో అమ్మ వేళ్ళ కణుపులు లెక్కపెడుతోంది. బండారులంక దాటాక నా మోచెయ్యి పట్టుకుంది.

"గ్రహణం నాటికి నువ్వు నా కడుపులో ఎన్నో నెలే?"

"ఏప్రిల్లో పుట్టాను కదమ్మా. నాలుగు నిండి ఐదు."

"రెండు కాదు కదా?"

"రెండెలా అవుతుంది? కాదు."

"సరిగా చెప్పు."

"సరిగానే చెబుతున్నాను. ఐదు."

ఇల్లు చేరే దాకా అమ్మ నా మోచెయ్యి వదల్లేదు.

ఆదివారం వచ్చింది. గుడి నుంచి వచ్చి భోజనాలు చేసి అరుగు మీద కూర్చున్నాం. వాన వెలిసి ఎండ కాస్తోంది. మా అమ్మాయి తనే అడిగింది. "అమ్మమ్మా, రాత్రి నన్ను కదలకుండా పడుకోమంటావా ఏంటి? ముందే చెప్పు, తినాల్సినవన్నీ తినేస్తాను."

"నీ ఇష్టం తల్లీ. పడుకుంటే పడుకో, చూస్తే చూడు" అంది అమ్మ.

నేను పేపరు కింద పెట్టేశాను. "ఏంటీ? చూస్తే చూడమంటున్నావా? మరి ఇన్నాళ్ళూ నేను కత్తిపీట పట్టుకున్నప్పుడల్లా మొహం చాటేసి లోపలికి ఎందుకు పోయేదానివి?"

అమ్మ పమిట చెంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది.

"కత్తిపీటకి భయపడి కాదే. నువ్వలా మఠం వేసుకుని కూర్చుని తరుగుతుంటే మీ నాన్న కనపడేవోరు."

"నాన్నా?"

"ఆ వేళ కూర తరిగింది నేను కాదు. మీ నాన్న."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. మధ్యలో ఆపకుండా, నా వైపు చూడకుండా చెప్పింది.

"గ్రహణానికి ముందు రోజు మంత్రసాని వచ్చి, అమ్మాయ్, మీ మావయ్యగారి పంతం మీ మావయ్యగారిది, కడుపు నీది, గ్రహణం విడిచేదాకా వెల్లకిలా పడుకో, చెయ్యి కూడా ముడవకు అని చెప్పింది. నాకు రాత్రంతా నిద్ర లేదు. మావయ్యగారి మాట కాదనలేను. కడుపులో నువ్వు కదుల్తున్నావు, అప్పుడే కదలడం మొదలెట్టేవు. పొద్దుట మీ నాన్నతో చెప్పి ఏడిచేను. ఆయన ఏవన్నారో తెలుసా? 'దానికేడుపెందుకు, నేను తరుగుతాను, నువ్వు పడుకో' అన్నారు. వంటపాక తలుపు దగ్గరికి లాగేసి, పొయ్యి వెనకాల చాపేసి నన్ను పడుకోబెట్టి, ఆయనే కత్తిపీట ముందు కూర్చున్నారు. కొబ్బరి ఒలిచే చెయ్యి కదా, వంకాయలు ఇంతలేసి ముక్కలు కోసేరు. ఆయనే పోపు పెట్టేరు. నేను పడుకునే, ఉప్పు ఎంతెయ్యాలో చెప్పేను. ఎవరైనా లోపలికొస్తారేమోనని తలుపుకి వీపు ఆనించి కూర్చున్నారు. బైట భోజనాల దగ్గర ఎవరో, మీ కోడలు ముక్కలు మరీ మోటుగా కోసిందండీ అన్నారు. మావయ్యగారు, విశ్వాసం సన్నంగా ఉండకూడదయ్యా అన్నారు. మీ నాన్న నా వంక చూసి నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వేరు."

చెబుతూ అమ్మ కూడా నవ్వింది. నాన్న గురించి అమ్మ అలా నవ్వడం ఎన్నాళ్ళయిందో.

"అప్పుడు మావయ్యగారు ప్రార్థన చేసేరు. నా కోడలి విశ్వాసం కోసం స్తోత్రం ప్రభువా అని. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. పొయ్యి వెనకాల పడుకునే అన్నాను." అమ్మ చెంగు వేలికి చుట్టుకుంది. "ఏప్రిల్లో నువ్వు పుట్టేవు. అందరూ, కోసింది గనక ఇలా అయిందన్నారు. నాకు తెలుసు కదే, నేను కొయ్యలేదు. పడుకున్నాను. దేవుణ్ణి నమ్మకుండా మంత్రసాని మాట నమ్మి పడుకున్నాను. పడుకుని ఆమేన్ అన్నాను. అందుకే దేవుడు ఏ నోటితో అబద్ధం చెప్పేనో ఆ నోరు నీకు అలా ఇచ్చేడనుకున్నాను. నిన్ను చూస్తే ఆ ఆమేనే వినపడేది. మళ్ళీ గ్రహణం అనేసరికి, ఆ శిక్ష దీని బిడ్డకీ తగులుద్దేమోనని హడిలిపోయేను."

ఇన్నేళ్ళు ఇన్ని బత్తాయిలు, ఇన్ని నిమ్మకాయలు! తల పగిలిపోతోందని మనిషి ఏడుస్తుంటే మోకాలికి మందు రాస్తూ కూర్చున్నాను. గ్రహణంలో కోస్తే ఏమీ కాదని, కొయ్యని మనిషికి చెబుతూ వచ్చాను. పేటకి ఒక కథ చాలు, తాతయ్యకి ఒక కథ చాలు, నాకూ ఒక కథ చాలింది. అమ్మని ఎవరూ అడగలేదు.

"ఎవరికైనా చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను, ఏడుపు కోపంలా బయటికొచ్చింది.

"ఎవరికి చెప్పను? పేటలో చెబితే మావయ్యగారి పరువు పోద్ది. గుడిలో చెబితే నా పరువు పోద్ది. నీకు చెబితే..." అని ఆగి, "నీకు చెబితే నువ్వు నన్నేమంటావోనని."

మా అమ్మాయి అమ్మమ్మ పక్కకి జరిగి కూర్చుంది. అమ్మ దాని పొట్ట మీద చెయ్యి వేసి, నన్నడిగింది. "డాక్టరమ్మ రెండో నెల అంది. నేను పడుకున్నది ఐదో నెల. దేవుడు ముందు శిక్షేసి, తరవాత తప్పు చేయిస్తాడా?"

నాకు ఫిజిక్స్ వచ్చు, దేవుడి సంగతులు అంత తెలియవు. అయినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. "అలా చెయ్యడమ్మా" అన్నాను.

"అయితే ఆయనకి నా మీద కోపం లేదన్నమాట."

"లేదు. ఎప్పుడూ లేదు."

అమ్మ అప్పుడు నా వైపు తిరిగి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పి, నా పెదవి చూసింది. చాలాసేపు చూసింది. "కుట్టు బాగానే వేసేడు డాక్టరు. పక్కకి కొంచెం లాగేడు గానీ" అంది. నాకు యాభై ఏళ్ళు. చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. నా కోపం, నా పంతం, నేను తరిగిన ఉల్లిపాయలు, అన్నీ ఆ ఏడుపులో కొట్టుకుపోయాయి.

ఆ రాత్రి మబ్బు పట్టి గ్రహణం కనపడనే లేదు. ముగ్గురం హాయిగా నిద్రపోయాం.

తరవాత రోజుల్లో అమ్మకి ఆ 2028 మీద ఆసక్తి పుట్టుకొచ్చింది. కూరలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగేది. ఎన్నింటికి పడుతుంది? ఎన్నింటికి విడుస్తుంది? డిసెంబరు ముప్పై ఒకటి అంటే మాకు పాత సంవత్సరానికి వీడ్కోలు చెప్పే రాత్రి. అందరం గుడిలో ఉంటాం, పన్నెండు దాటాకే ఇంటికొస్తాం. ఆ ఆరాధనలో సాక్ష్యాలుంటాయి. ఒక్కొక్కరు లేచి, ఆ ఏడు దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకుంటారు. ఆపరేషను బాగా అయిందని ఒకరు, గల్ఫ్ వీసా వచ్చిందని ఒకరు. మా అమ్మ జన్మలో సాక్ష్యం చెప్పలేదు. మైకు తన వరస దాకా వస్తే పక్కావిడకి అందించేసేది. సిగ్గరి మనిషి అనుకునేవాళ్ళు అందరూ, నాతో సహా.

"సాక్ష్యాల వేళకి చంద్రుడు బాగా ఎర్రగా ఉంటాడమ్మా. కొత్త సంవత్సరం వచ్చేసరికి నీడ పూర్తిగా వదిలేస్తుంది" అని చెప్పాను.

"అయితే ఆ రోజు నేను సాక్ష్యం చెబుతాను. ఆ గ్రహణంలో జరిగింది ఆ గ్రహణంలోనే చెబుతాను."

"మూడేళ్ళు ఆగాలి మరి. ఈలోగా మరిచిపోతావేమో."

"యాభై ఏళ్ళు మరిచిపోనిది మూడేళ్ళలో మరిచిపోతానా?" అంది అమ్మ. ఈ వయసు మనిషికి మూడేళ్ళు ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. చంద్రుడు చెప్పిన వేళకి వస్తాడు, అతని గురించి నాకు బెంగ లేదు.

నిరుడు డిసెంబరు ముప్పై ఒకటిన గుడికి వెళ్ళాం. మా అమ్మాయికి తొమ్మిదో నెల, కింద కూర్చోలేక గోడ పక్కన కుర్చీ వేయించుకుంది. సాక్ష్యాలు మొదలయ్యాయి. మైకు చేతులు మారుతూ మా వరసకి వచ్చింది. నేను అలవాటు కొద్దీ అందుకుని పక్కకి ఇవ్వబోయాను. అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"అమ్మా, ఇది కాదు, 2028" అన్నాను చెవిలో.

"తెలుసే. అప్పటికి ఉంటే మళ్ళీ చెబుతాను."

గుడిలో అందరూ ఇటు తిరిగారు. మా అమ్మ గొంతు మైకులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పాస్టరయ్యగారు కూడా కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"అందరికీ వందనాలండి. మా పిల్ల కడుపులో ఉండగా గ్రహణం వస్తే, మా మావయ్యగారు నన్ను కూర తరగమన్నారండి. నేను తరగలేదండి. భయపడి చాటుగా పడుకున్నానండి. ఆ పాపానికే దేవుడు నా పిల్లకి అలా చేసేడని ఇన్నేళ్ళూ అనుకున్నానండి. కాదటండి. అది అంతకు ముందే అయిపోయిందటండి." అమ్మ ఆగింది. అయిపోయిందనుకుని ఎవరో స్తోత్రం అన్నారు. అమ్మ మైకు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నాకు బదులు కత్తిపీట ముందు కూర్చుంది మా ఆయనండి. తను కోసేడు గనకే పిల్లకి తెగిందని ఆయన అనుకున్నారండి. నాతో ఏనాడూ అనలేదండి. కానీ పిల్ల నిద్రపోయేక లాంతరు తెచ్చి, ఆ పెదవి చూసి, తన చెయ్యి చూసుకునేవోరండి. నేను చూసేదాన్నండి. నేనూ ఏం అనలేదండి. ఆయన తప్పు కాదండి. నా తప్పూ కాదండి. ఈ మాట ఆయన వినాల్సిందండి. వినకుండానే వెళ్ళిపోయేరు."

అని మైకు పక్కావిడకి ఇచ్చేసి, నా భుజం పట్టుకుని కింద కూర్చుంది.